జిల్లా పేజీ దాటి రాయాలంటే

శ్రోతలకు నమస్కారం.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చక్కగా రాసేవారికి కొదవ లేదు. జిల్లా ఎడిషన్లలో వాళ్ల పేర్లు చూస్తూనే ఉంటాం. హైదరాబాదు నుంచి వచ్చే ఆదివారం అనుబంధంలోనో, ఢిల్లీ పత్రికలోనో మాత్రం ఆ పేర్లు అరుదు. ‘అక్కడ మనకు తెలిసినవాళ్లు ఎవరున్నారు?’ అని చాలామంది ఆగిపోతారు. పరిచయాలు లేకపోవడం చిన్న అడ్డంకే. విషయాన్ని ఏ వైపు నుంచి పట్టుకున్నామన్నదే పెద్ద సంగతి.

ఒంగోలు గిత్తలనే తీసుకుందాం. సంక్రాంతికి ఫలానా ఊళ్లో బండలాగుడు పోటీ జరిగింది, ఫలానా రైతు జత గెలిచింది అని రాస్తే అది జిల్లా పేజీ వార్త. దూరాన ఉన్న సంపాదకుడికి ఆ ఊరితో పని లేదు. కానీ ఈ పశువుల సంతతే సముద్రం దాటి బ్రెజిల్ చేరింది. నెలోర్ అనే పేరుతో అక్కడి మాంసపు పశువుల్లో అధికభాగం అదే. ఇక్కడేమో ట్రాక్టర్లు వచ్చాక దుక్కిటెద్దుతో అవసరం తగ్గింది. పాలకు గేదెలు, సంకరజాతి ఆవులు వచ్చాయి. మరి పుట్టినగడ్డ మీద ఈ జాతిని ఇంకా మేపుతున్నది ఎవరు? దాణాకు ఎంతవుతోంది, కోడెదూడ ఎంతకు పోతోంది, ఆ రైతు కొడుకు కొట్టం వైపు వస్తున్నాడా? ప్రకాశం జిల్లా చదలవాడలో ఈ జాతిని పెంచే ప్రభుత్వ పశుక్షేత్రంలో ఏం చేస్తున్నారు? వీటికి జవాబులు ఢిల్లీలో కూర్చుంటే దొరకవు. నాలుగుసార్లు ఆ కొట్టానికి వెళ్లగలిగిన మీకు దొరుకుతాయి. మీ ఊరు చిన్నదని సంకోచించకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అనే పల్లె ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగారు, మరుసటి ఏడాదే రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

కథ, కవిత అయితే పూర్తిగా రాసి పంపాలి. ఇలాంటి కథనానికి ముందుగా ఒక ఉత్తరం చాలు, ఒక పేజీ దాటకూడదు. మొదటి రెండు వాక్యాల్లోనే మీ ప్రశ్న కనబడాలి. ఇప్పుడే ఎందుకు, ఎవరెవరితో మాట్లాడతారు, ఎన్ని పదాలు, ఎప్పటికి ఇస్తారు అన్నవి ఆ తరువాత. అచ్చయిన మీ వ్యాసాలు ఒకటి రెండు జతచేయండి. జిల్లా పేజీలో వచ్చినవైనా సరే, అక్కడ మీరు సంపాదించిన అనుభవానికి విలువ ఉంది. పండుగ వ్యాసాన్ని పండుగ ముందు వారం పంపితే లాభం లేదు, అప్పటికి పేజీలు నిండిపోయి ఉంటాయి. తెలుగులో పంపేది యూనికోడ్‌లో ఉంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది.

రచన సొంతమని, మరెక్కడా పరిశీలనలో లేదని తెలుగు పత్రికలు హామీపత్రం అడుగుతాయి. దాన్ని మొక్కుబడి కాగితంగా చూడకండి. ఒకే రచనను ఒకేసారి రెండుచోట్లకు పంపితే, రెండూ వేసుకున్న రోజున రెండు తలుపులూ మూసుకుపోతాయి. జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే, వెనక్కి తీసుకుంటున్నానని రాసి మరోచోటికి పంపండి.

ఇక డబ్బు సంగతి. దీని గురించి మాట్లాడటానికి మనవాళ్లు మొహమాటపడతారు, అది నాకు బాధగా ఉంటుంది. పేరు వస్తుంది కదా అని ఉచితంగా రాయించుకునేవారు ఎప్పుడూ ఉంటారు. బస్సు చార్జీ పెట్టుకుని, పని మానుకుని తిరిగింది మీరు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగిగా కాక స్వతంత్రంగా రాసిన వ్యాసానికి తొలి హక్కుదారు రచయితే. హక్కులు రాసిస్తేనే బదిలీ అవుతాయి, నోటిమాట చెల్లదు. రాసిచ్చిన పత్రంలో గడువు లేకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా పరిగణిస్తుంది. కాబట్టి సంపాదకుడు సరే అనగానే, రాయడం మొదలుపెట్టకముందే, పారితోషికం ఎంత, ఎప్పుడు ఇస్తారు, ఏ హక్కులు తీసుకుంటారు అని ఈమెయిల్‌లో అడగండి. జవాబును భద్రంగా దాచుకోండి.

నమస్కారం.