నల్లరేగడిలో రేకుల షెడ్: ముందు బెడ్డు సంగతి చూడండి

అందరికీ నమస్కారం. ఈ వారం వ్లాగ్ డాలస్ బ్యాక్‌యార్డ్ నుంచి కాదు, గుంటూరు పెరట్లోంచి. పార, గునపం, నీళ్ళ పైపు, ఎరువు బస్తాలు పెట్టుకోవడానికి 8×10 అడుగుల రేకుల షెడ్. పైన షెడ్ బిగించడం ఒక పూట పని. కింద కాంక్రీటు బెడ్డుకే రోజులు పడతాయి.

ఈ మట్టి దగ్గరగా చూడండి. మే నెల కదా, నెర్రెల్లో వేళ్ళు దూరిపోతున్నాయి. వానలు పడితే ఇదే మట్టి ఉబ్బి, నెర్రెలన్నీ పూడిపోతాయి. డాలస్ వాళ్ళకి ఇదేం కొత్త కాదు, అక్కడి నల్లమట్టిదీ ఇదే గుణం. అయినా వీడియోలు చూసి గుంట తవ్వి కంకర పోసేవాళ్ళున్నారు. రేగడిలో కంకర గుంటంటే నీటికుంటే. దిగిన నీళ్ళకి దారుండదు, అడుగున మట్టి ఉబ్బి ఒక మూల లేస్తుంది, తలుపు పట్టేస్తుంది. ఇసుకతో నింపినా ఇదే గతి.

10×12 అడుగుల మేర అడుగున్నర లోతు తవ్వి, ఎర్ర గ్రావెల్‌తో (కంకర కాదు, మట్టి కలిసిన మొరం) నేల కంటే రెండంగుళాలు ఎత్తుకి నింపండి. వదులుగా సుమారు 250 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) పడుతుంది. ఆరంగుళాలకో పొర, ప్రతి పొరకీ దిమ్మిస. మట్టిని అదిమే మెషీన్, ప్లేట్ కంపాక్టర్, అద్దెకి దొరికితే ఇంకా నయం. తడి ఎంతంటే, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి జిగటగా అంటకూడదు. "నీళ్ళు కట్టేస్తే అదే దిగుద్దండీ" అనే మేస్త్రీలుంటారు. వద్దండీ. ఆ నీళ్ళు తిన్నగా కింది రేగడికే చేరతాయి.

బెడ్డు 9×11 అడుగులు, అంటే షెడ్ చుట్టూ ఆరంగుళాలు ఎక్కువ. మందం నాలుగంగుళాలు. అంచుల వెంట మాత్రం తొమ్మిదంగుళాల వెడల్పున, బెడ్డు పైనుంచి పన్నెండంగుళాల లోతు దూలంలా దించాలి. కాంక్రీటు పోయడానికి చుట్టూ చెక్కలు కట్టాక రెండు కర్ణాలూ కొలవండి. రెండూ 14 అడుగుల రెండున్నర అంగుళాలు వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టు. కింద పాలిథిన్ షీట్, దానిమీద కడ్డీల్ని కాస్త ఎత్తులో నిలిపే కవర్ బ్లాకులు, ఎనిమిది అంగుళాలకో 8 ఎంఎం కడ్డీ రెండువైపులా, అంచు దూలాల్లో రెండేసి 10 ఎంఎం కడ్డీలు. ఇనుము 8 ఎంఎంలో 36 కిలోలు, 10 ఎంఎంలో 16 కిలోలు.

కాంక్రీటు పాళ్ళు (సిమెంటు, ఇసుక, కంకర) 1:1.5:3. సిమెంటు 12 బస్తాలు, ఇసుక 22 సీఎఫ్‌టీ, ముప్పావు అంగుళం కంకర 45 సీఎఫ్‌టీ. బస్తాకి పాతిక లీటర్ల నీళ్ళు దాటనివ్వకండి. పలచగా ఉంటే పోయడం సుఖమే, తర్వాత షెడ్‌ని బిగించే బోల్టుకి మాత్రం పట్టుండదు. ఎండలో కాకుండా సాయంత్రం పోసి, పదిరోజులు మడికట్టి తడపండి. ఫినిషింగ్ చేసేటప్పుడు చుట్టూ ఉన్న ఆ ఆరంగుళాల అంచుని బయటికి వాలుగా దిద్దించడం మర్చిపోకండి. సమంగా వదిలేస్తే రేకు మీంచి జారిన వాన ఫ్రేమ్ కిందనుంచి లోపలికొస్తుంది.

ఇక గాలి. కట్టడాల మీద పడే భారాలకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం, పక్కనున్న విజయవాడకి లెక్కేసే మూల గాలివేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ ఒత్తిడి చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, సుమారు 150 కిలోల బరువు! 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది ఈ దగ్గర్లోని బాపట్ల దగ్గరే. ఖాళీ షెడ్ బరువు ఇక్కడ ఏ మూలకీ రాదు.

బోల్టులకి తొందరొద్దు, కాంక్రీటుకి 28 రోజులు నిండనివ్వండి. ఫ్రేమ్‌ని కాంక్రీటుకి పట్టి ఉంచే 10 ఎంఎం యాంకర్ బోల్టులు, జింకు పూత దట్టంగా ఉన్నవి. యూరియా బస్తాలున్నచోట మామూలివి తుప్పు పట్టేస్తాయి. నాలుగు మూలలకీ, తలుపుకి అటూ ఇటూ తప్పనిసరి, మిగతా చోట్ల రెండున్నర అడుగులకొకటి. ఫ్రేమ్ గీత సరిగ్గా అంచు దూలం మీదే పడుతుంది కాబట్టి మూడంగుళాలు దిగినా భయం లేదు. డ్రిల్ చేశాక, ఇదిగో ఈ పిండిలాంటి దుమ్ము చూశారా? పంపుతో ఊది, బ్రష్ పెట్టి తిప్పి, మళ్ళీ ఊదాలి. దుమ్ము మిగిలితే నట్టు బిగుసుకున్నట్టే ఉంటుంది, లాగితే బోల్టు పైకొచ్చేస్తుంది.

కింద ఇంత చేసి పైన రేకుల్ని నాలుగు స్క్రూలతో వదిలేస్తే, ఫ్రేమ్ మిగిలి రేకులు పక్కింట్లో ఉంటాయి. రబ్బరు వాషర్ స్క్రూలు అంచు వరసల్లో దగ్గర దగ్గరగా వేయండి. ఈదురుగాలి వచ్చే సూచన కనపడితే తలుపు గడియ పెట్టండి. తెరిచి ఉంటే గాలి లోపలికి దూరి కప్పుని కిందనుంచి కూడా నెడుతుంది.