పొగగొట్టాలు చూడండి: ఇంగ్లాండ్ పాత ఆమ్స్‌హౌస్‌ల గురించి

అందరికీ నమస్కారమండీ. ఆమ్స్‌హౌస్ అంటే ముసలివాళ్ళకి, దిక్కులేని పేదలకి ఎవరో దాత కట్టించి ఇచ్చిన ఇల్లు, మన సత్రంలా ఒక పూట ఉండి వెళ్ళిపోయేది కాదు, చేరితే ఇక కన్నుమూసేదాకా అక్కడే. ఇంగ్లాండ్‌లో ఇలాంటిది చూడ్డానికి వెళ్తే ముందు తలెత్తి పొగగొట్టాలు చూడండి, అసలు కథ అక్కడుంది: పొగగొట్టం ఉందంటే కింద ఎవరికో సొంత గది, సొంత నిప్పుగూడు ఉన్నట్టే.

చిచెస్టర్ ఊళ్ళో సెయింట్ మేరీస్ హాస్పిటల్ తీసుకోండి, పేరుకి హాస్పిటల్ గానీ ఇదీ ఆమ్స్‌హౌసే. 13వ శతాబ్దం చివర్లో కట్టింది. ఒకటే పెద్ద హాలు, చెక్క స్తంభాలు, పైకప్పు రెండు పక్కలా బాగా కిందదాకా వాలి ఉంటుంది. తూర్పు చివర చాపెల్ (చిన్న ప్రార్థన మందిరం), మధ్యలో గోడ లేదు, చెక్క తెర మాత్రమే, ఎందుకంటే మంచం మీంచి లేవలేని మనిషికి కూడా ప్రార్థన వినపడాలి. ఆత్మ సంగతి అంత బాగా ఆలోచించారు గానీ చాటు అనేదే లేదు, దగ్గినా మూలిగినా అందరి మధ్యలోనే. 17వ శతాబ్దంలో ఏం చేశారంటే, హాలు పడగొట్టకుండా దాని లోపలే రెండు వరసల్లో చిన్న చిన్న ఇళ్ళు కట్టేశారు, వాటి ఇటుక పొగగొట్టాలు ఆ పాత కప్పులోంచి పైకి పొడుచుకొచ్చాయి! ఇప్పటికీ అందులో మనుషులుంటున్నారు, నాకైతే అదే అన్నిటికన్నా గొప్ప విషయం.

వించెస్టర్ ఊళ్ళోని సెయింట్ క్రాస్ ఆమ్స్‌హౌస్ ఇంకా పాతది, 1130ల్లో బిషప్ హెన్రీ ఆఫ్ బ్లువా 13 మంది పేదల కోసం పెట్టాడు, 1445లో కార్డినల్ బోఫర్ట్ దాన్ని పెంచాడు. 15వ శతాబ్దపు ఇళ్ళ మీద పొడుగాటి పొగగొట్టాలు వరసగా నిలబడి ఉంటాయి. గేటు దగ్గర అడిగితే బాటసారికి ఇప్పటికీ రొట్టె ముక్క, కాస్త బీరు ఇస్తారు.

యూఎల్మ్ అనే ఊళ్ళోని ఆమ్స్‌హౌస్ 1437లో మొదలైంది, కవి చాసర్ మనవరాలు ఆలిస్, ఆమె భర్త కలిసి పెట్టారు. 13 మందికి విడివిడిగా గది, నిప్పుగూడు. కానీ ఊరికే కాదండోయ్, రోజూ దాతల ఆత్మల కోసం ప్రార్థించాలి, అది ఒప్పందం. 1547లో ఇలా ఆత్మల కోసం ప్రార్థనలకి రాసిచ్చిన ఆస్తులు ప్రభుత్వం లాగేసుకుంది, అలాంటి సంస్థలు చాలా పోయాయి, ఇది బతికింది.

తర్వాత వ్యాపారుల వంతు. లండన్‌లో రాబర్ట్ జెఫ్రీ డబ్బుతో 1714లో 14 ఇళ్ళు లేచాయి, తోట చుట్టూ చక్కగా, మధ్యలో చాపెల్. ఆ డబ్బులో బానిస వ్యాపారం లాభం కూడా ఉంది, బిల్డింగ్ అందం చెప్పేటప్పుడు అది కూడా చెప్పి తీరాలి.