పర్లాకిమిడికి ఒక బల్ల కావాలి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకోవాలనే ఉంది. కానీ నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ పని తీరికగా చేసి నా సమయంలో సగం వాడేశారు. అందుకని అందరికీ కలిపి ఒకే దండం.

ఈ రోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. నాకిచ్చిన అంశం ‘సరిహద్దు తెలుగు పిల్లలు – భాషాభిమానం’. భాషాభిమానం గురించి మీకు తెలియనిది నా దగ్గర ఏమీ లేదు. నేను రసాయనశాస్త్రం చెప్పుకునే బడిపంతుల్ని. పిల్లల గురించి మాత్రం కాస్త తెలుసు. అందుకే జేబులో వీడిని వెంటబెట్టుకొచ్చాను.

వెనక వరుసలకు కనబడడు, నాకు తెలుసు. నా బొటనవేలంత ఉంటాడు, బొమ్మ సైనికుడు. ఒంటి నిండా కవచం, చేతిలో తుపాకి, భుజం మీద గద్ద గుర్తు. ఇంకో ముప్పై ఎనిమిది వేల ఏళ్ల తరవాత జరగబోయే యుద్ధంలో సైనికుడు. వార్‌హ్యామర్ 40,000 అనే ఆటలోని వాడు. 1987లో ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో పుట్టిన ఆట అది. పదివేల ఏళ్లుగా బంగారు సింహాసనం మీద చావూ బతుకూ కాకుండా కూర్చున్న ఒక చక్రవర్తి, ఆయన కోసం నక్షత్రాల మధ్య కొట్టుకునే సైన్యాలు, వాళ్లకు ఎదురుగా ఎర్రరంగు వేస్తే బండి వేగంగా పోతుందని నమ్మే ఆర్కులనే పచ్చటి రాక్షసులు. నవ్వుతున్నారు. నవ్వండి. ఆ ఎర్రరంగు నమ్మకం మన ఆటోవాళ్లలోనూ ఉంది.

ఆటంటే బల్ల మీద సైన్యాలను మోహరించి, టేపుతో అంగుళాలు కొలిచి, పాచికలు వేసి ఆడేది. పెద్దవాళ్లు ఇలాంటివి ఆడటం కొత్తేమీ కాదు. 1824లో జర్మన్ రాజ్యం ప్రష్యా సైన్యం తన అధికారులకు యుద్ధవిద్య నేర్పడానికి ఇటువంటి బల్లాటే పెట్టుకుంది. ఇంగ్లీషు నవలాకారుడు హెచ్.జి. వెల్స్ అంతటివాడు 1913లో బొమ్మ సైనికుల ఆటకు నియమాలు రాసి పుస్తకం అచ్చువేశాడు. అయితే ఈ సైనికుడు కొనగానే ఆడుకోవడానికి సిద్ధంగా ఉండడు. డబ్బా తెరిస్తే బూడిదరంగు ప్లాస్టిక్ చట్రం వస్తుంది. చేతులు, కాళ్లు, తలలు, తుపాకులు అన్నీ విడివిడిగా దానికి అతుక్కుని ఉంటాయి. కత్తిరించాలి, గీకాలి, అతికించాలి, రంగులు వేయాలి. ఆట ఒక పూట. ఆ పని నెలలు.

నాకు మొదటి డబ్బా ఇంగ్లండులో ఉండే మా మేనల్లుడు తెచ్చాడు. రెండోదాని కథ చెప్పక తప్పదు. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి.

రెండో డబ్బాను వాడు పార్సెల్‌లో పంపాడు. అది ఒక కార్యాలయంలో ఆగింది. ఏ కార్యాలయమో చెప్పను. బొమ్మలు గనక సుంకం కట్టాలన్నారు. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. సరే, కడతానన్నాను. అప్పుడు బొమ్మలకు భద్రతా ముద్ర ఉండాలన్నారు. అయ్యా, 2021 నుంచి అమల్లో ఉన్న ఆ నియమం పద్నాలుగేళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు పెట్టింది, నాకు పింఛను వయసు దగ్గర పడుతోంది అని ఉత్తరం రాశాను. ‘గ్రహీత వయసు సంబంధిత విషయం కాదు’ అని జవాబు వచ్చింది. పార్సెల్ వచ్చిన దారినే తిరిగి ఇంగ్లండు వెళ్లిపోయింది. నా సైన్యం యుద్ధం చేయకుండానే రెండు సముద్రాలు దాటి వెనక్కి పోయింది! దేశంలో బొమ్మల తయారీ పెరగాలన్నది మంచి మాటే, నేను కాదనను. కానీ ఇలాంటి అచ్చులు పోసేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? ఉన్న చేతిపనివాళ్లనే మనం నిలబెట్టుకోలేకపోతున్నాం.

చేతిపని మాట వచ్చింది కాబట్టి చెప్తాను. అసలు నేను చెప్పదలుచుకున్నది ఇదే.

మన ఊరి కొమ్ముపని గురించి మీకు నేను చెప్పాలా? పశువుల కొమ్ముతో చెక్కిన కొంగలు, దువ్వెనలు, దేవుడి బొమ్మలు మీ అందరి గాజు బీరువాల్లో ఉన్నాయి. ఆ పని చేసే ఒకాయన, నేను బాబాయి అని పిలుస్తాను, ఒకసారి మా ఇంటికి వచ్చారు. బల్ల మీద ఒక సైనికుడి ఖడ్గం వంకరగా ఉంది. అది రెసిన్ అనే ప్లాస్టిక్‌లాంటి పదార్థంతో పోసిన బొమ్మ. రెసిన్ ముక్కలు అచ్చులోంచి వచ్చేటప్పుడే ఒక్కోసారి వంగి వస్తాయి. బాబాయి దాన్ని వెలుతురుకెత్తి చూసి, గోరుతో మీటి, “మాస్టారూ, వేణ్ణీళ్లు తెప్పించండి” అన్నారు. గిన్నెలో ఖడ్గాన్ని ముంచి కాసేపు ఉంచి, తీసి, రెండు వేళ్ల మధ్య తిన్నగా పట్టుకుని చన్నీళ్లలో పెట్టారు. ఖడ్గం సూటిగా నిలబడిపోయింది. ప్రపంచమంతా ఈ బొమ్మలు చేసేవాళ్లు వాడే పద్ధతి సరిగ్గా అదే. ఆయనకు ఎవరూ చెప్పలేదు. కొమ్ము కూడా వేడి చూపిస్తే మెత్తబడుతుంది, చల్లారితే బిగుసుకుంటుంది. జీవితమంతా ఆయన చేసింది అదే.

అంతటితో ఆగలేదు. అచ్చు రెండు సగాలు కలిసే చోట బొమ్మ మీద సన్నటి గీత మిగులుతుంది. నేను చాకు అంచుతో దాన్ని తీస్తుంటే ఆయన చాకు లాక్కుని తిరగేశారు. “పదునుతో కోస్తే గాటు పడుతుంది, వీపుతో గీకండి” అన్నారు. పొట్టు సన్నగా రాలింది, గీత మాయమైంది. తరవాత, “ఈ పని పిల్లలకు నేర్పుతారా? మా దగ్గరికి నేర్చుకోవడానికి ఎవరూ రావడం లేదు” అన్నారు. మామూలుగానే అన్నారు. నాకే సమాధానం తోచలేదు.

తల్లిదండ్రులు కూర్చున్నారు గనక నేరుగా అడుగుతాను. మీ పిల్లవాడు గంటసేపు ఒక్కచోట కూర్చుని, నువ్వుగింజలో సగం లేని బొమ్మ కంట్లో చుక్క పెట్టగలడా? మూడో వరుసలో ఫోను చూస్తున్న బాబూ, నిన్నే. రంగు పలచగా కలుపుకోవాలి. చిక్కగా వేస్తే చెక్కిన గీతలన్నీ పూడిపోతాయి. ముందు రంగు పట్టడానికి పూసే ప్రైమర్, తరవాత అడుగు రంగు, దాని మీద పలచటి ముదురురంగు వాష్. అది తనంతట తానే పల్లాల్లోకి జారి నీడలు వేస్తుంది. ఆ తరవాత దాదాపు ఎండిపోయిన కుంచెను మిట్టల మీద ఆడిస్తే అంచులు వెలుగుతాయి. వానాకాలంలో మన ఊళ్లో స్ప్రే ప్రైమర్ కొడితే గాలిలో తేమకు బూజు పట్టినట్టు తెల్లబడుతుంది, అందుకే కుంచెతోనే పూస్తాం. ఆ తేమే సూపర్ గ్లూను త్వరగా గట్టిపరుస్తుంది. పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్ ముక్కలకు వాడే ప్లాస్టిక్ సిమెంట్ పద్ధతి వేరు. అది ముక్కల పైపొరను కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. తొమ్మిదో తరగతి పాఠం ఇక్కడే ఉంది, నేను బోర్డు మీద గీయక్కర్లేదు. బొమ్మ నిలబడే బేస్ మీద వేయడానికి మహేంద్రతనయ నది ఇసుకను టీ వడపోతతో జల్లించి తెస్తారు. అంగారక గ్రహం కావాలంటే ఇటుకపొడి.

భాష గురించి మాట్లాడటం లేదని పంతులుగారి అభిమానులు అనుకుంటున్నారేమో. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసిన ఊరు మనది. మా ఇంటి వసారాలో ఆదివారం ఆడే పిల్లల్లో కొందరివి తెలుగు ఇళ్లు, కొందరివి ఒడియా ఇళ్లు, ఇద్దరు సవర పిల్లలు. నియమాలు ఇంగ్లీషులో. తగువు మాత్రం ఒడియాలో మొదలై తెలుగులో ముదురుతుంది. ఆ సవర పిల్లల్లో ఒకడు సైనికుల భుజకవచాలకు ఎర్రమట్టి రంగు వేసి, దాని మీద తెల్లటి పుల్లల్లాంటి మనుషులను, గుర్రాలను గీశాడు. వాళ్ల ఇళ్ల గోడల మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ బొమ్మలవి. ఒక్కో మనిషి బియ్యపుగింజ పొడవు కూడా లేడు. అది చూశాక మిగతా పిల్లలు వాడి పక్కన కూర్చుని ఆ బొమ్మల పేర్లు సవరలో అడిగి నేర్చుకున్నారు. పంతులుగారు ఈ ఊళ్లోనే సవరలను ఇంటికి పిలిపించుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. వేదిక మీద ఆయన పటానికి దండ వేశాం, బాగుంది. ఆ పని మాత్రం ఇప్పుడు మా వసారాలో పిల్లలు చేస్తున్నారు.

ఇది డబ్బున్నవాళ్ల సరదా అంటారు. ఒప్పుకుంటాను, డబ్బాలు ఖరీదే. ఈ ఆట తయారుచేసే కంపెనీ 2024 డిసెంబరులో లండన్ షేర్ మార్కెట్ తొలి వంద కంపెనీల జాబితాలో చేరింది. ఊరికే చేరలేదు. అందుకే డబ్బా కొనండని మిమ్మల్ని అడగడం లేదు. మా పిల్లలు పాత పెన్నులు, సీసా మూతలు, గడియారం చక్రాలతో ట్యాంకులు కట్టేస్తున్నారు. అవీ యుద్ధానికి వస్తున్నాయి.

నేను అడిగేది గది. ఈ గ్రంథాలయం వెనక పాత పత్రికల కట్టలు పెట్టిన గది ఉంది. అందులో ఒక బల్ల, ఒక ట్యూబ్‌లైటు చాలు. ఆదివారం సాయంత్రం మూడు గంటలు. కొమ్ముపని బాబాయిని కూడా పిలుస్తాం, ఆయన రోజుకూలీకి చందా మేమే వేసుకుంటాం. కట్టలు సర్దే పని పిల్లలది. రంగు మరకలు పడకుండా బల్ల మీద వేసే గుడ్డ నాది. కార్యదర్శిగారూ, తాళంచెవి మీ దగ్గరే ఉందని నాకు తెలుసు. సమావేశంలో చర్చిస్తామని మాత్రం అనకండి, పోయినేడు అలాగే అన్నారు. మైకు మీకిస్తున్నాను, ఇక్కడే చెప్పండి.