బీతోవెన్ పోస్టర్ రీప్రింట్ రివ్యూ: 24×36 సైజు ఎందుకు వద్దు

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ ప్రింటు అమ్మేవాళ్లు ఉచితంగా పంపించారు, డబ్బులేమీ ఇవ్వలేదు. ధర, పేపరు మందం లాంటివి వాళ్ల పేజీలో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను.

ఇది స్విస్ డిజైనర్ జోసెఫ్ మ్యూలర్ బ్రోక్‌మన్ వేసిన బీతోవెన్ పోస్టర్. 1955 ఫిబ్రవరి 22న జూరిక్‌లోని టోన్‌హాలే అనే సంగీత మందిరంలో జరిగిన కచేరీ కోసం. బీతోవెన్ ముఖం లేదు, వయొలిన్ లేదు. ముదురు రంగు వంపులు, వాటి నడుమ చిన్న సైజు అక్షరాలు. ఆయన పేరు కూడా చిన్నబడిలోనే ఉంది.

దగ్గరికి తెస్తున్నా, చూడండి. వంపులన్నిటికీ కేంద్రం ఒకటే. వృత్తాన్ని 32 భాగాలు చేస్తే ఒక్కోటి 11.25 డిగ్రీలు కదా, వంపులు మొదలయ్యేదీ ఆగేదీ ఆ కొలతల మీదే. బయటికి వెళ్లేకొద్దీ పట్టీల వెడల్పు 1, 2, 4, 8, 16, 32 అని రెట్టింపవుతుంది. మన సంగీతం మొదటి పాఠాల్లో సరళీ స్వరాలు ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం అని ఒక్కోసారి వేగం రెట్టింపు చేస్తూ పాడిస్తారు చూడండి, అదే లెక్క! అందుకే నిశ్చలంగా ఉన్న బొమ్మలో అంత ఊపు. నాకైతే ఆయన చేసినవాటిలో ఇదే శిఖరం.

1936లో జూరిక్‌లో సొంత స్టూడియో పెట్టినప్పుడు ఆయన ఇలా లేడు. బొమ్మలు గీశాడు, ఎగ్జిబిషన్లు చేశాడు. 1953లో ఆటోమొబైల్ క్లబ్బుకి వేసిన పిల్లల భద్రత పోస్టర్లో పూర్తిగా ఫొటోనే: భారీ మోటార్‌సైకిల్ చక్రం, దాని ముందు పరుగెత్తే చిన్న పిల్లాడు. పేజీని గడులుగా విభజించి డిజైన్ చేయడం గురించి ఆయన రాసిన 1981 నాటి గ్రిడ్ పుస్తకం ఒక్కటే చదివి ఆయన్ని గడుల మనిషి అనేవాళ్లు ఈ రెండు పోస్టర్లూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. స్విస్ వీధి పోస్టర్ కొలత 90.5×128 సెంటీమీటర్లు. నిష్పత్తి 1.414, అంటే మన ఏ4 కాగితం నిష్పత్తే. ఈ ప్రింటు 24×36 అంగుళాలు, నిష్పత్తి 1.5. ఎత్తు 36 నింపాలంటే వెడల్పు దాదాపు 25.5 రావాలి. వీళ్లు ఆ అంగుళంన్నర పక్కల నుంచి కోసేశారు. వంపులు అంచుదాకా వెళ్లే బొమ్మ ఇది, పక్కలు కోస్తే తెలుపుకీ నలుపుకీ ఉన్న తూకమే చెడిపోతుంది. పైగా గ్లాసీ పేపరు, లైటు వేస్తే పెద్ద వంపు మీద మెరుపు తప్ప ఏమీ కనపడదు.

నాకు ఉచితంగా వచ్చినా సరే, మీరు మాత్రం ఇది కొనొద్దు.

కొనేముందు ఎత్తుని వెడల్పుతో భాగించండి, 1.41 రావాలి. ఏ2 అయితే 42×59.4 సెంటీమీటర్లు, మెరుపు లేని మ్యాట్ పేపరు అడగండి. రెడీమేడ్ ఫ్రేముల్లో 12×18, 24×36 రెండూ 1.5 నిష్పత్తే, కాబట్టి ఫ్రేము కట్టేవాళ్లకి మీ ప్రింటు కొలత రాసిచ్చి చేయించుకోండి. మౌంటు, అంటే ఫ్రేము లోపల బొమ్మ చుట్టూ వచ్చే అట్ట పెడితే ఒక్కో వైపు 2 మిల్లీమీటర్లకు మించి బొమ్మ మీదకి రానివ్వొద్దు.