పన్నెండు గేర్ల మోజు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. నాకిచ్చింది పది నిమిషాలే.

ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొనేవాళ్లు ముందుగా అడిగేది, గేర్లెన్ని అని. చైను ఎన్నాళ్లు మన్నుతుందని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. చక్రం మధ్యలో ఉండే హబ్ మోటారైతే చక్రాన్నే తిప్పుతుంది, చైను జోలికి రాదు. పెడల్స్ దగ్గరుండే మోటారు అలా కాదు. అలాంటిదే షిమానో కంపెనీ ఈపీ8 మోటారు, అదిచ్చే టార్క్, అంటే తిప్పే బలం, 85 న్యూటన్ మీటర్లు. అదీ, మీ కాళ్ల బలమూ కలిసి ఆ సన్నటి చైను మీదుగానే వెనక్కి పోవాలి. అనంతగిరి గుట్టల్లో నిటారు ఎక్కుడులో బలంగా తొక్కుతూ గేరు మారిస్తే టక్కుమంటుంది చూడండి, ఆ దెబ్బ తినేది క్యాసెట్, అంటే వెనక చక్రానికుండే పళ్ళచక్రాల కట్ట, దాని పళ్ళే. మార్చే క్షణంలోనైనా కాలు కాస్త తేలిక చేయండయ్యా!

అంత చోటులోనే 12 గేర్లు పట్టాలంటే చైను సన్నబడక తప్పదు. పైగా ఖరీదైన క్యాసెట్లలో పెద్ద పళ్ళచక్రాన్ని బరువు తగ్గుతుందని అల్యూమినియంతో చేస్తారు. మోటారు, బ్యాటరీ మోసే బండికి వంద గ్రాములు తగ్గితే ఎంత, తగ్గకపోతే ఎంత? స్టీలుదే అడగండి.

ఈమధ్య ఒక షాపులో షిమానో వాళ్ల లింక్‌గ్లైడ్ రకం గేర్ల సెట్ ఉందా అన్నాను. "అది తక్కువ రకం సార్, పన్నెండు గేర్లది తీసుకోండి" అన్నాడు కుర్రాడు. తక్కువ రకమట! 2021లో షిమానో దాన్ని తెచ్చిందే మన్నిక కోసం. పళ్ళు మందం. తమ మరో గేర్ల రకం హైపర్‌గ్లైడ్ ప్లస్ కంటే మూడు రెట్లు మన్నుతుందని కంపెనీయే చెబుతోంది. ఆ మాటను సగానికి కోసినా మనకు లాభమే కదా? పదకొండు గేర్ల దానికి మామూలు 11 స్పీడ్ చైను చాలు, క్యాసెట్ కూడా పాత హెచ్‌జీ ఫ్రీహబ్ మీదే, అంటే వెనక చక్రం మధ్యలో క్యాసెట్‌ను తొడిగే పాత రకం భాగం మీదే ఎక్కుతుంది. గేరు మార్చే మీట షిఫ్టరూ, చైనును పక్కకు జరిపే డిరైలరూ మాత్రం లింక్‌గ్లైడ్‌వే ఉండాలి. ఇన్ని మంచి గుణాలున్నదాన్ని పట్టుకుని తక్కువ రకమంటాడా... సరే, వదిలేస్తున్నాను. వదల్లేకపోతున్నాను, అది వేరే సంగతి.

డబ్బుకు లోటు లేనివాళ్లకు స్రామ్ కంపెనీ వాళ్ల గేర్ల సెట్ ఈగల్ ట్రాన్స్‌మిషన్ ఉంది, 2023లో వచ్చింది. బలంగా తొక్కుతూ మార్చినా తట్టుకునేలా చేశారు. కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఏది కొన్నా చైను ఎంత సాగిందో కొలిచే గేజ్ ఒకటి దగ్గర పెట్టుకోండి. 12 గేర్ల బండైతే సాగుడు 0.5 శాతం దగ్గరే చైను మార్చేయాలి. సాగిన చైను క్యాసెట్‌ను కూడా తినేస్తుంది, అప్పుడు ఖర్చు రెండింతలు కాదు, ఇంకా ఎక్కువే. ఇదిగో, గేజ్ జేబులోనే ఉంది. వెనక వరుసలో ఫోన్ చూసుకుంటున్న బాబూ, నీ బండి ఇలా తీసుకురా.