ఫిడేలు పక్కనపెట్టి రుంబా నడిపినవాడు

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మనం తలుచుకోబోయే మనిషిని సంగీతం తెలిసినవాళ్లు చాలామంది తేలిగ్గా తీసిపారేస్తారు. నాకు మాత్రం ఆయనంటే గౌరవం. పేరు జేవియర్ కుగాట్, లాటిన్ అమెరికా నాట్య సంగీతం వాయించే బృందానికి నాయకుడు. 1900 జనవరి 1న స్పెయిన్‌లోని కాటలోనియాలో, జిరోనా పట్టణంలో పుట్టాడు. పసివాడిగా ఉండగానే కుటుంబం క్యూబాకు వలసపోయింది. హవానాలో పెరిగాడు, ఫిడేలు నేర్చాడు, చిన్నతనంలోనే అక్కడి నేషనల్ థియేటర్ ఆర్కెస్ట్రాలో వాయించాడు. పాఠమేమో ఐరోపా శాస్త్రీయ సంగీతం. చుట్టూ వినబడేదేమో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి కాపాడుకున్న లయ. ఈ రెండూ ఆయనకు ఒకేసారి వంటబట్టాయి.

అమెరికా వెళ్లింది కచేరీ విద్వాంసుడు కావాలనే. అది కుదరలేదు. ఆయన చేతిలో బొమ్మలు గీసే విద్య కూడా ఉంది. కొన్నాళ్లు లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికకు వ్యంగ్య చిత్రాలు వేసి బతికాడు. తర్వాత చిన్న బృందం కట్టి, ఆ ఊళ్లోనే కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్‌లో అర్జెంటీనా వైపు నాట్య సంగీతమైన టాంగోలు, క్యూబా నాట్య సంగీతమైన రుంబాలు వాయించాడు. అక్కణ్ణుంచి న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌కు చేరాడు. అక్కడ ఆయనది ఏళ్ల తరబడి సాగిన ఆస్థానం. జర్మన్ శాస్త్రీయ స్వరకర్త బాఖ్ సంగీతం వాయిస్తూ పస్తులుండటం కన్నా జనం కోరింది వాయించి ఇంట్లో ఈతకొలను కట్టుకోవడమే మేలని ఆయన అన్నట్టు చెబుతారు. ఆ మాట పట్టుకునే ఆయన్ని చులకన చేశారు. నేను మాత్రం అందులో ఆకలి తెలిసిన మనిషి గొంతు వింటాను.

అసలు మలుపు రేడియో. 1934 డిసెంబరులో అమెరికా రేడియో సంస్థ ఎన్‌బీసీ శనివారం రాత్రుల్లో మూడు గంటల నాట్య సంగీత కార్యక్రమం మొదలుపెట్టింది. డబ్బు పెట్టింది ఒక బిస్కట్ల కంపెనీ. మూడు బృందాలు వంతులవారీగా వాయించేవి. కెల్ మర్రేది మెత్తని సంగీతం, బెన్నీ గుడ్‌మన్‌ది జాజ్, కుగాట్‌ది లాటిన్ అమెరికా సంగీతం. హవానా పేరు వినడమే తప్ప ఎరగని ఇళ్లల్లోకి మరాకాస్ అనే గిలకల చప్పుడు అలా వెళ్లింది.

ఇక 1941. పాటల హక్కుల సంఘం ఆస్కాప్‌కూ రేడియో సంస్థలకూ రుసుముల దగ్గర తగవు వచ్చింది. దాంతో అమెరికాలో పేరున్న పాటల్లో అధిక భాగం నెలల తరబడి రేడియోలో వినబడలేదు. రేడియో వాళ్లు పెట్టుకున్న పోటీ సంఘం బీఎంఐ చేతిలో మాత్రం లాటిన్ అమెరికా పాటలు బోలెడు. మెక్సికన్ స్వరకర్త అల్బెర్తో దొమీంగెస్ రాసిన ‘పెర్ఫిడియా’ వాటిలో ఒకటి. కుగాట్ బృందం రికార్డు చేసింది. అదృష్టం అనేస్తారు కొందరు. కానీ తలుపు తెరుచుకున్న రోజున వాయించడానికి పదేళ్ల సాధన ఉన్న బృందం ఎవరిది? ఆయనదే కదా!

విమర్శ ఒకటుంది, దాన్ని దాటవేయను. క్యూబా లయల్లోని పదునును ఆయన తగ్గించాడు, వేగం తగ్గించాడు, పైన ఫిడేళ్ల తీపి పూశాడు. అమెరికా శ్రోతకు చెవి కన్నా కంటికే ఎక్కువ ఇవ్వాలని ఆయనే అనేవాడు. అందుకే రంగురంగుల చొక్కాలు, చంకలో చివావా కుక్కపిల్ల. ఈ సొగసు వల్ల ఆ సంగీతాన్ని పుట్టించిన నల్లజాతి కళాకారులు తెర వెనకే ఉండిపోయారనడం నిజం. అయితే 1940లో క్యూబా గాయకుడు మిగెలీతో వాల్దేస్‌ను హవానా నుంచి వచ్చీ రాగానే తన బృందంలో చేర్చుకున్నదీ కుగాటే. క్యూబాలో పుట్టి తర్వాత అమెరికా టీవీలో పేరు తెచ్చుకున్న దేసీ ఆర్నాజ్ పని నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. సినిమాల్లో తన బృందాన్ని ముందు వరసలో నిలబెట్టాడు. తర్వాత మాంబో, చాచాచా అనే క్యూబా నాట్య సంగీతాలు వచ్చేనాటికి నాట్యశాలల్లో వినే జనం తయారై ఉన్నారు.

1971లో పక్షవాతం వచ్చింది. స్పెయిన్ తిరిగి వెళ్లి బార్సిలోనాలో స్థిరపడ్డాడు, అక్కడే 1990 అక్టోబరు 27న కన్నుమూశాడు.

ఇప్పుడు వాల్దేస్ కుగాట్ బృందంతో పాడిన ‘బాబలూ’ వినిపిస్తాను. మొదటిసారి గొంతు వినండి. రెండోసారి గొంతును వదిలేసి, కింద నడిచే డోళ్లను మాత్రమే పట్టుకోండి. ఆయన ఏది తగ్గించాడో, ఏది తగ్గించలేదో అప్పుడు మీరే నాకు చెప్పండి.