రోడ్డు మీద అరగంట, మిషన్ మీద యాభై నిమిషాలు

(వైట్‌ఫీల్డ్‌లోని ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగు నివాసుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున ఇడ్లీలు వదిలిపెట్టి ఇంతమంది వచ్చారంటే పరుగు మేలా, ఎలిప్టికల్ మేలా అన్న తగువు కాస్త ముదిరిందన్నమాటే. బెంగళూరులో మనవాళ్లు నలుగురున్న ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఈ రెండు వర్గాలూ కనిపిస్తాయి. ఒక వర్గం ఐదున్నరకే బూట్లు కట్టుకుని పరుగుకి గేటు దాటుతుంది. రెండో వర్గం జిమ్‌లో ఎలిప్టికల్, అంటే పెడళ్ల మీద నిలబడి తొక్కే మిషన్ ఎక్కి, ఎదురుగా ఫోన్ నిలబెట్టి సీరియల్ పెట్టుకుంటుంది. వీళ్ల కళ్లకు వాళ్లు మోకాళ్లు అరగదీసుకుంటున్నారు, వాళ్ల కళ్లకు వీళ్లు ఉయ్యాల ఊగుతున్నారు.

గుండె మాటకొస్తే, కింద తిరిగేది పెడలా, తారు రోడ్డా అన్నది దానికి తెలియదు. తొడల్లో, పిరుదుల్లో ఉన్న పెద్ద కండరాలు ఎంత ఆక్సిజన్ అడిగితే అంత రక్తం తోస్తుంది. ఒకే హార్ట్ రేట్‌తో ఒకే సేపు చేస్తే గుండెకూ ఊపిరితిత్తులకూ దక్కే మేలు దాదాపు ఒక్కటే. తేడా వచ్చేది రెండు చోట్ల. మొదటిది మన బద్ధకం దగ్గర: దొంగాట ఆడదామంటే పరుగు ఆడనివ్వదు, ఎలిప్టికల్ ఆడనిస్తుంది. రెండోది కాలి ఎముకల దగ్గర, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్ల దగ్గర.

దొంగాట ఎలా ఉంటుందో చూపిస్తాను. ఇది మన జిమ్‌లోని మిషనే. రెసిస్టెన్స్, అంటే పెడళ్ల బిగువు, 2లో పెట్టి పది తొక్కులు తొక్కాను. ఇప్పుడు తోయడం ఆపేశాను, కాళ్లు ఊరికే పెడళ్ల మీద ఉంచాను. చూస్తున్నారుగా, ఇంకా తిరుగుతూనే ఉంది. ఈ ప్లాస్టిక్ కవర్ వెనక బరువైన చక్రం ఒకటి ఉంటుంది, దాన్ని ఫ్లైవీల్ అంటారు. మనం తొక్కితే తిరిగే క్రాంక్ అనే కడ్డీ నుంచి బెల్టు ద్వారా దానికి ఊపు అందుతుంది. చక్రం అంచుకి దగ్గర్లో అయస్కాంతాలు బిగించిన పట్టీ ఉంటుంది. రెసిస్టెన్స్ నంబరు పెంచితే ఆ పట్టీ చక్రానికి దగ్గరగా జరుగుతుంది. తిరుగుతున్న లోహంలో కరెంటు సుడులు పుట్టి, అవే చక్రాన్ని వెనక్కి లాగుతాయి. ఏదీ దేన్నీ తాకదు, అందుకే చప్పుడుండదు, అరుగుదలా ఉండదు. 2లో అయస్కాంతాలు దూరంగా ఉన్నాయి కాబట్టి ఒకసారి ఊపందుకున్న చక్రమే మన కాళ్లను తిప్పుతోంది. స్క్రీన్ మాత్రం నిమిషానికి 140 అడుగులని గొప్పగా చూపిస్తోంది.

పరుగులో ఇలాంటి చక్రం లేదు. ప్రతి అడుగుకీ ఒంటిని నేల మీంచి గాల్లోకి ఎత్తాల్సిందే, తోయడం మానిన మరుక్షణం ఆగిపోతాం. అందుకే ఎలిప్టికల్ మీద మొదట సరిచూసుకోవాల్సింది రెసిస్టెన్స్. తోయడం ఆపితే పెడళ్లు ఒకటి, ఒకటిన్నర చుట్టులో ఆగిపోయేంత బిగువు ఉండాలి. 20 స్థాయిలున్న మిషన్లలో చాలామందికి అది 6 నుంచి 10 మధ్య దొరుకుతుంది. ఒక కంపెనీ 8, ఇంకో కంపెనీ 8 ఒకటి కావు, కాబట్టి పక్కింటాయన నంబరు మనకెందుకు? వేగం నిమిషానికి 120 నుంచి 140 అడుగులు. కొన్ని స్క్రీన్లు ఒక కాలినే లెక్కపెట్టి 60, 70 అని చూపిస్తాయి, రెండూ ఒకటే.

రెండో దొంగాట చేతుల్లో ఉంది. పది నిమిషాలు గడిచేసరికి మనిషి మెల్లగా ముందుకు వాలిపోతాడు. మోచేతులు హ్యాండిల్ మీద, నడుము వెనక్కి, చూపు సీరియల్లో. బరువు చేతుల మీదకి వెళ్లినంత మేర కాళ్లకి పని తగ్గుతుంది, మెడా నడుమూ పట్టేయడం అదనం. నిటారుగా నిలబడి, కదిలే హ్యాండిళ్లను వేళ్లతో వదులుగా పట్టుకుని, ముందుకి తోస్తూ వెనక్కి లాగుతూ చేయాలి. మధ్యలో ఒక నిమిషం హ్యాండిళ్లు పూర్తిగా వదిలి చూడండి. తూలుతున్నారంటే అప్పటిదాకా వాటి మీద వాలి ఉన్నారన్నమాటే.

ఇక కేలరీల సంగతి. వ్యాయామాల తీవ్రతను కొలిచే మెట్ అనే కొలత ఉంది, ఊరికే కూర్చున్నప్పుడు అయ్యే ఖర్చు ఒక మెట్. పరిశోధకులు వాడే 2011 నాటి పట్టికలో ఎలిప్టికల్ మధ్యస్థంగా తొక్కితే 5.0 మెట్, గంటకి 8 కిలోమీటర్ల పరుగుకి 8.3 మెట్. మెట్‌ని బరువుతో, గంటలతో గుణిస్తే కేలరీలు వస్తాయి. 70 కిలోల మనిషి అరగంట పరుగెడితే సుమారు 290, అదే అరగంట ఎలిప్టికల్ తొక్కితే 175. ఆ 290కి చేరాలంటే మిషన్ మీద 50 నిమిషాలు పడుతుంది. బిగువు పెంచి ఆయాసపడుతూ తొక్కితే ఈ తేడా బాగా తగ్గిపోతుంది. కాబట్టి ఏది ఎక్కువ కరిగిస్తుందని అడిగితే, మీరు ఏ తీరుగా చేస్తున్నారని తిరిగి అడగాలి.

మిషన్ స్క్రీన్ మీది కేలరీలను మాత్రం నమ్మకండి. చాలా మిషన్లు మొదట బరువు అడుగుతాయి, మనం ఆత్రంగా క్విక్ స్టార్ట్ నొక్కేస్తాం. అప్పుడది తనకు తోచిన బరువేదో అనుకుని లెక్క వేస్తుంది. 55 కిలోల ఇల్లాలికీ 90 కిలోల పెద్దాయనకీ అదే అంకె. పైగా కూర్చున్నా ఖర్చయ్యే కేలరీలను కూడా అందులో కలిపేస్తుంది, మనం వాలిపోయిన సంగతి దానికి తెలియదు. కిలోమీటర్లయితే మరీ కాకిలెక్క, పెడల్ చుట్టును కంపెనీ ఏదో దూరంగా మార్చి చూపిస్తుందంతే. మిషన్ మీద 6 కిలోమీటర్లు చేశానంటే రోడ్డు మీద 6 పరుగెత్తగలనని అర్థం కాదు. ఆ అంకె చూసి మధ్యాహ్నం ఇంకో గరిటె బిర్యానీ వడ్డించుకునేవాళ్లు కొంచెం ఆలోచించండి.

ఇప్పుడు ఎముకలు. పరుగులో పాదం నేలను తాకినప్పుడు శరీర బరువుకి రెండు నుంచి మూడు రెట్ల తాకిడి ఉంటుంది. 70 కిలోల మనిషికి అది 140 నుంచి 210 కిలోల బరువుతో సమానం. నిమిషానికి 160 అడుగుల లెక్కన అరగంటలో 4,800 అడుగులు, అంటే ఒక్కో కాలికి 2,400 సార్లు. ఎలిప్టికల్‌లో పాదం పెడల్‌ని వదలదు, పడేదీ లేదు లేచేదీ లేదు. కాలి మీద భారం శరీర బరువుకి అటూ ఇటూగా ఉండిపోతుంది.

ఇది వినగానే అయితే పరుగు మోకాళ్లకి చేటేగా అంటారు. ఆ మాట అంత తేలిగ్గా అనకండి. 2017లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కతీస్తే, సరదా కోసం పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో, కదలకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం మందిలో కనిపించింది. పోటీల స్థాయిలో ఏళ్ల తరబడి పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం. సరదా పరుగువల్లే కీళ్లు బాగున్నాయని దీన్నిబట్టి తేల్చలేం, కీళ్లు బాగున్నవాళ్లే పరుగెత్తుతూ ఉండవచ్చు. కానీ సరదాగా పరుగెత్తితే మోకాలు పోతుందన్న భయానికి ఈ అంకెల్లో ఆధారం లేదు. తాకిడి తగిలితే ఎముక గట్టిపడుతుంది. ఆ విషయంలో ఎలిప్టికల్ వెనకబడే ఉంది. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు ఎలిప్టికల్ ఒక్కటే చేస్తుంటే వారంలో రెండు రోజులు బరువులతో వ్యాయామం కూడా చేర్చుకోవాలి.

నిజంగా కాళ్లు దెబ్బతినేది ఎక్కడంటే, ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకేటప్పుడు. మూడు నెలలు శ్రద్ధగా ఎలిప్టికల్ తొక్కిన మనిషికి గుండె బాగా కుదురుకుంటుంది. ఇక్కడి పది కిలోమీటర్ల పరుగు పందెం దగ్గరపడుతోందని, ఒక ఆదివారం కబ్బన్ పార్కుకి వెళ్లి ఏకంగా 7 కిలోమీటర్లు పరుగెత్తేస్తాడు. ఆయాసం రాదు, ఆనందంగా ఉంటుంది. మంగళవారానికి కాలి ముందరి ఎముక లోపలి అంచు వెంట నొక్కితే నొప్పి. దీన్నే షిన్ స్ప్లింట్స్ అంటారు. గుండె, కండరాలు వారాల్లో అలవాటుపడతాయి, టెండన్లకూ ఎముకలకూ నెలలు కావాలి. ఊపిరి అందుతోంది కదా అని కాలు సిద్ధంగా ఉందనుకోవడమే ఇక్కడ పొరపాటు. నొప్పి వేలెడంత చోట గుచ్చినట్టుండి, నడిచినా తగ్గకపోతే ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. అప్పుడు స్ప్రే కొట్టుకుని తిరగకుండా ఎముకల డాక్టరుకి చూపించాలి.

మిషన్ నుంచి రోడ్డుకి మారేవాళ్లు మొదటి రెండు వారాలు వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది సార్లు. మొత్తం 24 నిమిషాలు. మూడు, నాలుగు వారాల్లో రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక, ఆరు సార్లు. ఆ తర్వాత నాలుగు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక, ఐదు సార్లు. మధ్య రోజుల్లో ఎలిప్టికల్ మానొద్దు, గుండె పని అక్కడ పూర్తిచేయండి. మర్నాడు పొద్దున మంచం దిగి మొదటి పది అడుగులు వేసేటప్పుడు మడమలోనో పిక్క కిందో పట్టేసినట్టుంటే, ఆ వారం కోటానే మళ్లీ చేయండి. పరుగులో అడుగులు చిన్నవిగా, ఎక్కువగా వేయండి. పాదం ఒంటికి మరీ ముందు పడితే ఆ తాకిడి నేరుగా మోకాలికే వెళ్తుంది. బూట్లు సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లకి మార్చాలి, పైన గుడ్డ మెరుస్తున్నా కింద ఫోమ్ చచ్చిపోయి ఉంటుంది.

ఎక్కడ పరుగెత్తాలన్నది మన వైపు పెద్ద చిక్కే. ఫుట్‌పాత్ బండలు ఒకటి పైకి, ఒకటి కిందికి, మధ్యలో కుక్కలు. రోడ్డు అంచు వర్షపు నీళ్ల కోసం వాలుగా ఉంటుంది. రోజూ ఒకే వైపు పరుగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి, ఆ తుంటి లాగడం మొదలెడుతుంది. వారం మధ్యలో కాంపౌండ్ లోపలే చుట్లు కొట్టండి, రోజు విడిచి రోజు దిశ మార్చండి. ఆదివారం కబ్బన్ పార్కు మట్టిదారులో, కైకొండ్రహళ్లి చెరువు గట్టో ఎంచుకోవచ్చు. ఇంకోటి, ఇది సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న చల్లటి ఊరు. ఇక్కడి వేగాన్నే మే నెలలో విజయవాడ వెళ్లి కృష్ణ ఒడ్డున పట్టుకుందామంటే హార్ట్ రేట్ చాలా పైకి వెళ్తుంది. ఊరెళ్లినప్పుడు గడియారాన్ని పక్కనపెట్టి వేగం తగ్గించండి.

ఎలిప్టికల్ ఎవరికి మొదటి ఎంపిక కావాలో వేగంగా చెప్తాను. మోకాలు ఇప్పటికే అరిగినవాళ్లు, బరువు బాగా ఎక్కువున్నవాళ్లు, దెబ్బ తగిలి కోలుకుంటున్నవాళ్లు. షుగర్‌వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లు కూడా, ఎగుడుదిగుడు దారి కంటే ఇదే నయం. కానీ దిగాక సాక్సు విప్పి పాదం అడుగున బొబ్బలేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి.

మిషన్ మీద కాలివేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని చాలామంది అంటారు. పాదం కదలకుండా ఒకే చోట ఒత్తుకుపోవడంవల్ల అలా అవుతుంది. లేసులు ఒక గడి వదులు చేసి, బరువు మడమల వైపు జరపండి, ఐదు నిమిషాలకోసారి ఒక నిమిషం వెనక్కి తొక్కండి. మోకాలు ముందు నొప్పిగా ఉంటే మాత్రం వెనక్కి తొక్కొద్దు, తొడ ముందు కండరం మీద భారం పెరుగుతుంది. ఇంటికి కొనేవాళ్లు అడుగు పొడవు చూసుకోండి. చవక మిషన్లలో 12, 14 అంగుళాలే ఉంటుంది, ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి దాని మీద మెట్లెక్కుతున్నట్టు గునగునలాడతాడు. 18 నుంచి 20 అంగుళాలుంటే నడక తీరు వస్తుంది.

చప్పుళ్ల గురించి మన కమిటీవాళ్లకి ఒక మాట. ప్రతి చుట్టుకీ టక్ మని కొడితే క్రాంక్ బోల్టు వదులైంది, వెంటనే బిగించాలి. అలాగే తొక్కితే రంధ్రం అరిగి క్రాంకే మార్చాల్సి వస్తుంది. కీచుమంటే కింది పట్టాలమీదా రోలర్లమీదా దుమ్మూ చెమట ఉప్పూ పేరుకుంది, ముందు తడిగుడ్డతో తుడవండి. నంబరు పెంచినా బిగువు మారకపోతే అయస్కాంతాల పట్టీని లాగే తీగో, దాని చిన్న మోటారో పోయింది. వారంగా ఈ రెండో మిషన్ చేస్తున్నది ఆ పనే.

చివరిగా, ఎంత తీవ్రంగా చేయాలి? 208లోంచి మీ వయసుకి 0.7 రెట్లు తీసేయండి, నిమిషానికి మీ గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది. 45 ఏళ్లకి దాదాపు 176. అందులో 64 నుంచి 76 శాతం, అంటే 113 నుంచి 134 మధ్య ఉంటే మధ్యస్థం, ఆపైన తీవ్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి మధ్యస్థంగా 150 నుంచి 300 నిమిషాలు, లేదా తీవ్రంగా 75 నుంచి 150. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ లెక్క పనిచేయదు, ఆ మందు గుండె వేగాన్ని తొక్కిపడుతుంది. వాళ్లు మాటతో కొలుచుకోవాలి: పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హ్యాండిల్ మీది లోహపు పట్టీలు పల్స్ చూపిస్తాయి గానీ, చెయ్యి కదిలినా, అరచెయ్యి పొడిబారినా తప్పుతాయి.

అందుకే ఇప్పుడే ఒకసారి చేతితో చూద్దాం. ఎడమ అరచేతిని పైకి తిప్పండి. బొటనవేలి వైపు, మణికట్టు మడతకి కొంచెం కింద, కుడిచేతి చూపుడువేలూ నడిమివేలూ మెత్తగా ఆనించండి. బొటనవేలు వాడొద్దు, దాని నాడే మీకు తగులుతుంది. దొరికిందా? గోడ గడియారంలో ముల్లు పన్నెండు దాటగానే లెక్క మొదలుపెట్టండి, పదిహేను సెకన్లు, వచ్చినదాన్ని నాలుగుతో గుణించండి. ఆ తర్వాత ఒక్కొక్కరూ ఈ మిషన్ ఎక్కి మూడు నిమిషాలు తొక్కి, దిగిన వెంటనే మళ్లీ చూసుకుందాం. ముందు వరసవాళ్లు బూట్లతో వచ్చారు, వాళ్లు రండి.